మద్దిలేటికి నేనిచ్చిన సున్నా

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఈమధ్యదాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఏటా శ్రీశైలం పోయి మల్లన్న ముందు కళ్లు మూసుకుని నిలబడేవాణ్ణి. పిల్లల చదువు గురించి, అమ్మ మోకాళ్ల గురించి మొక్కుకునేవాణ్ణి. ఈ ఒక్క మాట మాత్రం లోపల కూడా అనుకునేవాణ్ణి కాదు. దేవుడికి తెలిసిందే కదా, మళ్లీ చెప్పడం దేనికని సర్దుకునేవాణ్ణి. సర్దుకోవడం నాకు బాగా వచ్చు. ఆ సంగతి పోను పోను మీకే తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు లేకుండా రాయడం పిరికితనమే. అంతకన్నా పెద్దది ఒప్పుకోవలసి ఉంది కాబట్టి దీని దగ్గర ఆగను.

బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి గనులున్న ఊళ్లలో మాదొకటి. బండలు కోసే మిషన్ల రొద తెల్లారి మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. ఇళ్ల మీదా, వేపచెట్ల మీదా, మనుషుల కనురెప్పల మీదా ఒకటే దుమ్ము. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. బండ జారి కాలి మీద పడినవాళ్లు, మిషన్‌లో వేళ్లు నలిగినవాళ్లు, లారీ మీద నుంచి పడినవాళ్లు. వేల ఎముకలు చూశాను. డాక్టర్ చూడకముందే ఎక్కడ విరిగిందో నాకు తెలిసిపోయేది. 'నీ కన్ను తప్పదయ్యా' అనేవాడాయన. తప్పలేదు. అదే నా బాధ. పొరబడి ఉంటే ఇదంతా రాయవలసిన పని లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నాకు ఫుట్‌బాల్ పిచ్చి. ఆడే పిచ్చి కాదు, చూసే పిచ్చి. చిన్నప్పుడు కూడా నేను బంతిని తన్నింది తక్కువ. మా ఊరికొక జట్టుండేది, జిల్లా లీగులో ఆడేది. ఒకప్పుడు కర్నూలు జట్లు కూడా మావాళ్లంటే జంకేవి. తర్వాత పెద్దవాళ్లంతా ఒక్కొక్కరే బెంగళూరుకు పనులకు పోయారు. పదిహేడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు మిగిలారు. నేను చెబుతున్న ఆ ఏడాది వాళ్లు గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. చివరి స్థానంలో నిలిచిన జట్టును లీగు నుంచి కింది తరగతికి పంపేస్తారు. మేం ఆ అంచున ఉన్నాం.

హైస్కూలు మైదానం ప్రహరీ గోడ మీద మా గుంపు కూర్చునేది. ఇరవై, ముప్పై మందిమి. ఆట అయ్యాక వాట్సాప్ గ్రూపులో మళ్లీ అందరం చేరేవాళ్లం. అందులో నాకొక హోదా ఉండేది. ప్రతి ఆటగాడికీ పదికి ఇన్ని అని మార్కులు వేసేవాణ్ణి. పక్కన ఒక వాక్యం రాసేవాణ్ణి. 'రెండూ ఎడమకాళ్లే' అని ఒకడికి. 'బంతిని చూసి దండం పెట్టుకున్నాడు' అని ఇంకొకడికి. గుంపంతా నవ్వేది. నా మార్కులు రావడం ఆలస్యమైతే 'అన్నా, ఇంకా పెట్టలేదే' అని అడిగేవాళ్లు. ఇంటికొచ్చి టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పేరూ తలచుకుంటూ నింపాదిగా రాసేవాణ్ణి. జట్టు మీద ప్రేమ అనుకునేవాణ్ణి దాన్ని. ప్రేమేనా? పదకొండు మంది పిల్లలు ఎండలో పరిగెత్తి పరిగెత్తి ఓడిపోయి వస్తే, నీడలో కూర్చుని వాళ్లకు విలువ కట్టడంలో ఒక రుచి ఉంటుంది. అది మరిగాను నేను. ఆ పిల్లలు కూడా ఎవరి ఫోన్‌లోనో ఆ మార్కులు చూసుకునేవాళ్లని నాకు తెలుసు. తెలిసే రాసేవాణ్ణి.

ఆ జట్టు గోల్‌కీపర్‌ను ఇక్కడ మద్దిలేటి అంటాను. అసలు పేరు అది కాదు. మా వైపు మద్దిలేటి స్వామి పేరు ప్రతి వీధిలో ఒకరికి ఉంటుంది, ఆ పేరుతో వాణ్ణి ఎవరూ పట్టుకోలేరు. పంతొమ్మిదేళ్లు. పొడుగు చేతులు. మాట తక్కువ. వాళ్ల నాయన పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసేవాడు. వీడు డిగ్రీ చదువుతూ, సెలవు రోజుల్లో నాయనతో పాటు పనికి పోయేవాడు. కడప నుంచి వచ్చిన ఒక కోచ్ వీడి ఆట చూసి, వేసవిలో అక్కడి జట్టు సెలక్షన్‌కు రమ్మని చెప్పి పోయాడు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

చివరి ఆటకు ముందు ఆటలో, ఇంకో నిమిషంలో విజిల్ మోగుతుందనగా, ఒక బంతి మూలకు దూసుకొచ్చింది. మద్దిలేటి పక్కకు ఎగిరి దాన్ని బయటికి తోశాడు. మా మైదానంలో గడ్డి లేదు. ఎర్రమట్టి, గరుసు, అక్కడక్కడా తేలిన రాళ్లు. కుడి అరచేయి నేలకు ఆనించి పడ్డాడు. ఓటమి తప్పింది. ఆ రోజు వాడికి ఏడు మార్కులు వేశాను. ఆ ఏడాది నేనిచ్చినవాటిలో అదే ఎక్కువ.

ఆ ఏడు మార్కుల నమ్మకంతోనే కాబోలు, శుక్రవారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. డాక్టర్ భోజనానికి పోయిన వేళ. తలుపు దగ్గర నిలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"డాక్టర్ చీటీ లేదన్నా. చెయ్యి శానా నొప్పిగా ఉండాది. నువ్వు ఒకసారి చూస్తావేమోనని వచ్చినా."

చీటీ లేకుండా తీయకూడదు. తీశాను. వాడి మీద అభిమానంతోనే తీశాను, ఆ ఒక్కటి నిజం. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర చిన్న గుంట ఉంటుంది. అక్కడ నొక్కితే వాడు పళ్లు బిగబట్టాడు. చేతిని ప్లేటు మీద వాల్చి, ఒక పక్కకు తిప్పి, ఊపిరి కూడా మెల్లగా తీసుకోమన్నాను. కంప్యూటర్ మీద బొమ్మ వచ్చింది.

ఆ గుంట కింద జీడిపప్పంత ఎముక ఒకటుంటుంది. దాని నడుమ వెంట్రుక లాంటి గీత కనిపించింది. పెద్దది చేసి చూశాను. అనుమానం లేదు. ఆ ఎముకకు రక్తం సరిగా అందదు. వెంటనే పిండికట్టు వేసి రెండు మూడు నెలలు కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. వదిలేస్తే లోలోపలే చచ్చిపోతుంది. డాక్టర్ నోట ఎన్నిసార్లో విన్నాను ఆ మాట.

రెండు మూడు నెలలు. ఆట ఆదివారం. ఇంకో కీపర్ సంక్రాంతికి ముందే బెంగళూరు పోయాడు. ఆదివారం డ్రా అయినా చాలు, మేం లీగులో ఉంటాం. ఇదంతా నేను ఆలోచించానని చెప్పలేను. ఆలోచన అంటే కాస్త సమయం పట్టాలి కదా. నాకు అంత సమయం కూడా పట్టలేదు.

"ఏముండాదన్నా?" అని అడిగాడు.

నేను వెనక్కి తిరగలేదు. "ఏమీ లేదప్పా. బెణికింది. క్రేప్ బ్యాండేజీ చుట్టుకో, సరిపోతాది."

"ఎముకకేం కాలేదా?"

"కాలేదు."

"మరి ఇంత నొప్పి ఎందుకుండాదన్నా? గ్లోవ్ ఏసుకుంటాంటే కండ్లల్లో నీళ్లొస్తాండాయి."

అప్పుడు తిరిగి వాడి మొహం చూసి చెప్పాను. "అది నొప్పి కాదు, భయం. పెద్ద ఆట గదా, మనసులో పెట్టుకున్నావు. ఎముక బాగుండాదని నేను చెప్తాండా గదా."

వాడు తల దించి తన చేతిని చూసుకున్నాడు. "భయమా?" అన్నాడు మెల్లగా. తర్వాత తల ఎత్తాడు. "భయమైతే సరేన్నా. అది నేను చూసుకుంటా."

వెళ్లిపోయాడు. నేను ఆ బొమ్మను కంప్యూటర్‌లోంచి తుడిచేశాను. డాక్టర్ భోంచేసి వచ్చేసరికి ఇంకెవరిదో మోకాలు తీస్తున్నాను.

ఎందుకు చేశాను? ఈ తొమ్మిదేళ్లలో రకరకాల జవాబులు తయారు చేసుకున్నాను. చీటీ లేకుండా తీశానని తెలిస్తే ఉద్యోగం పోతుందనే భయం ఒకటి. గీత సన్నది, దానంతటదే అతుక్కోవచ్చు అన్నది ఇంకొకటి. ఆట అయ్యాక సోమవారం పిలిచి, మళ్లీ తీసి, అప్పుడే కనబడినట్టు చెబుదాం అన్నది మూడోది. ఈ మూడోది నన్ను ఎక్కువ కాలం కాపాడింది, ఎందుకంటే ఆ శుక్రవారం నిజంగానే అలా అనుకున్నాను. కానీ ఉద్యోగ భయమే అయితే, 'కర్నూలు పోయి పెద్దాసుపత్రిలో చూపించుకో' అంటే సరిపోయేది కదా? ఆ ఒక్క మాట నా నోటికి ఎందుకు రాలేదు? పోతే వాడు ఆదివారం ఆడడు. అందుకే రాలేదు. జట్టు లీగులో ఉండాలి. నా గోడ, నా గుంపు, నా మార్కులు ఉండాలి. ఒక పిల్లవాడి చెయ్యి అంతకంటే తక్కువగా తోచింది నాకు. ఇంకే జవాబూ లేదు.

ఆదివారం నాలుగింటికి ఆట. ఎండ ఇంకా దిగలేదు. మద్దిలేటి వాళ్ల నాయన వచ్చాడు. కొడుకు ఆట చూడడానికి ఆయన రావడం అదే మొదటిసారి. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మా గోడకు కొంచెం అవతల, ఒక్కడే నిలబడ్డాడు.

మొదటి గోల్ ఎవరికైనా పడేదే. రెండోది అలా కాదు. నింపాదిగా వచ్చిన బంతి. మద్దిలేటి రెండు చేతులతో అందుకున్నాడు, కుడిచెయ్యి విడిపోయింది, బంతి వాడి కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ గీత దాటింది. గోడ మీద అందరూ లేచారు. నేనూ లేచాను. బూతులు మొదలయ్యాయి. వాటర్ ప్యాకెట్లు విసిరారు. ఆ తర్వాత వాడు కుడిచెయ్యి చాచడం మానేశాడు. ఎడమచేత్తోనే రెండు ఆపాడు. ఎవరూ అది లెక్కలోకి తీసుకోలేదు. మూడో గోల్‌కు తప్పనిసరై కుడి పిడికిలితో బంతిని గుద్దబోయి, కేక పెట్టి, చేతిని కడుపులో దాచుకుని కూలబడ్డాడు.

"యాక్షన్ చేస్తాండాడు చూడు," అన్నారెవరో.

అప్పుడు నేను అరిచాను. గొంతు చించుకుని అరిచాను. "చేతికి గాజులేసుకొని ఇంటికి పోరా!"

మళ్లీ చదవండి. రెండు రోజుల కిందట నేను నా చేత్తో తిప్పి, పెద్దది చేసి, విరిగిన చోటు చూసిన చెయ్యి అది. నోరు జారి వచ్చిందా? కాదు. మూడు గోల్స్ పడ్డాక నాకు నిజంగానే వాడి మీద కోపం వచ్చింది. నన్ను మోసం చేసినట్టు అనిపించింది. ఇలా ఎలా అనిపించగలదో నేను ఇప్పటికీ అర్థం చేసుకోలేకపోతున్నాను. కానీ అనిపించింది. ఆ మాట అందరికీ నచ్చింది. గోడ గోడంతా గాజులు, గాజులు అని అందుకుంది. మద్దిలేటి లేచి మళ్లీ గోల్ ముందు నిలబడ్డాడు. వాళ్ల నాయన తల తిప్పి మావైపు చూశాడు. ఆట ముగియకముందే గేటు దాటి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మార్కులు రాశాను. మద్దిలేటికి సున్నా వేశాను. అంతకుముందు ఎవరికీ సున్నా వేయలేదు. పక్కన ఏమీ రాయలేదు, రాయకపోవడం ఇంకా గట్టిగా తగులుతుందని. 'ఒక్క మార్కన్నా వెయ్యన్నా, గ్లోవ్స్ కొత్తవి' అని ఎవరో పెడితే ముప్పై మందీ నవ్వారు. నేనూ నవ్వు బొమ్మ పెట్టాను.

సోమవారం వాణ్ణి పిలవలేదు. మంగళవారం పిలవలేదు. పిలిస్తే 'శుక్రవారం ఎందుకు చూడలేదన్నా' అంటాడు. రోజులు గడిచిన కొద్దీ పిలవడం కష్టమైంది, పిలవకపోవడం అలవాటైంది.

మా జట్టు లీగు నుంచి పోయింది. మరుసటి ఏడాది పదకొండు మంది కూడా దొరకక జట్టే లేకుండా పోయింది. దేనికోసం చేశానో అది ఏడాది కూడా నిలవలేదు. నిలిచి ఉంటే మాత్రం?

వేసవిలో మద్దిలేటి కడప సెలక్షన్‌కు పోలేదు. వాళ్ల నాయన ఆట మాన్పించి బండల పనికి తీసుకుపోయాడని విన్నాను. అక్కడ రెండుసార్లు బండ చేయి జారి పగిలింది. పనిలోంచి పంపించేశారు. ఇంకో ఫ్యాక్టరీలోనూ అంతే. 'గాజుల కీపర్' అని ఊళ్లో పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టింది ఎవరో జనం మరిచిపోయారు. తర్వాత ఆ కుటుంబం నంద్యాల వైపు పోయింది. వాళ్లు పోయారని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇది కూడా రాయాలి కదా.

పోయిన కార్తీకంలో పిల్లల్ని తీసుకుని మహానంది పోయాం. గుడి బయట బండ్లు నిలిపే చోట టోకెన్లు ఇస్తున్న మనిషి ఎడమచేత్తో నంబర్ రాస్తున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర బిర్రబిగుసుకుపోయి ఉంది. నేను తల దించుకునేలోపే గుర్తుపట్టాడు.

"అన్నా! బాగుండావా? పిల్లోళ్లు పెద్దోళ్లయిపోయిరే!"

అతను సంతోషంగా మాట్లాడాడు. పెళ్లయిందట, ఒక పాప అట. చేతి సంగతి నేను అడగలేదు, అతనే చెప్పాడు. నొప్పి తగ్గక రెండేళ్లకు కర్నూలు పెద్దాసుపత్రికి పోతే, ఎముక ఎప్పుడో విరిగి చచ్చిపోయిందన్నారట. బండల పనిలో విరిగి ఉంటుందని ఇతనే డాక్టర్లకు చెప్పాడట. "అంతకుముందు ఎక్స్‌రే తీసినారు సార్, ఎముక బాగుండె, మా అన్ననే చూసినాడు అని చెప్పినా." ఆ తర్వాత, నా భార్య పక్కనే నిలబడి వింటుండగా అన్నాడు. "ఊరంతా ఎన్ని తిట్టిరో. నువ్వొకనివే ముందే నిజం చెప్పినావన్నా, నాది భయమని. నేనే దాన్ని గెలవలేకపోతి."

తొమ్మిదేళ్లు. ఆ ఆదివారం తన ఎముక విరిగి ఉందని కాదు, తను పిరికివాడినని నమ్ముతూ బతికాడు. చేతిని నేను విరగ్గొట్టలేదు. ఇది మాత్రం నేను చేశాను.

గుడిలో ఏం మొక్కానో గుర్తు లేదు. 'మంచి పిల్లోడు గదా, నీ మీద ఎంత గౌరవమో' అంది నా భార్య దారిలో.

మూడు నెలలు పట్టింది నాకు. ఒక పనిరోజు సెలవు పెట్టి, ఒక్కణ్ణే బస్సులో పోయాను. పొద్దున పదిన్నర. జనం పల్చగా ఉన్నారు. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. గీత, బొమ్మ తుడిచేయడం, గాజుల మాట అన్నది నేనేనన్నది, సున్నా. వరసగా చెప్పలేకపోయాను. ముందుకూ వెనక్కూ పోయాను. అతను ఎక్కడా ఆపలేదు. మధ్యలో ఒక కారు వచ్చి హారన్ కొడితే లేచి పోయి, నంబర్ రాసి, టోకెన్ ఇచ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమోననుకున్నాను. కొడితే బాగుండని కూడా అనుకున్నాను. అందులోనూ నా స్వార్థమే ఉంది కదా?

అంతా విని ఒకటే అన్నాడు. "మా నాయన ఉన్నప్పుడు చెప్పింటే బాగుండె."

వాళ్ల నాయన రెండేళ్ల కిందట పోయాడని అప్పుడే తెలిసింది.

నేను చేతులు జోడించాను. అతను ఆ చేతుల వైపు చూడలేదు. "నాకొకనికి చెప్తే ఏమొస్తాదన్నా? ఆ పొద్దు గోడ మీద ఉన్నోళ్లందరికీ చెప్పు. ఇంక పో. బండ్లొస్తాండాయి."

బండ్లేమీ రావడం లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయలేదు, నిజమే. కానీ ఆ గోడ మీద కూర్చున్నవాళ్లు చదివితే, మార్కులు వేసింది ఎవరో వాళ్లకు చెప్పక్కర్లేదు. మీకే చెబుతున్నాను. ఆ ఆదివారం ఆ పిల్లవాడు విరిగిన చేత్తో తొంభై నిమిషాలు నిలబడ్డాడు. నొప్పి నిజం. భయం అబద్ధం. ఆ అబద్ధం నాది. మనమంతా కలిసి నవ్వాం, కానీ తెలిసి నవ్వింది నేనొక్కణ్ణే.

చివరగా ఒకటి మిగిలింది, అదీ చెప్పేస్తాను. మహానంది నుంచి తిరిగి వస్తూ నంద్యాలలో బస్సు దిగాను. అతను నన్ను క్షమించలేదు. క్షమించమని గట్టిగా అడిగే మొహం నాకు లేదు. పోయిన మనిషికి ఇక చెప్పుకునే వీలు లేదు. ఇవన్నీ తెలుసు. అయినా విపరీతంగా ఆకలేసింది. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా రుచి తెలియకుండా తింటున్నానని ఆ మొదటి ముద్ద పెట్టుకున్నాకే తెలిసింది. సిగ్గేసింది. అక్కడ అతను ఎండలో టోకెన్లు రాస్తూ ఉంటాడు, నేను చెప్పినదంతా తలచుకుంటూ. నేను ఇక్కడ వడ్డించే మనిషిని పిలిచి, మళ్లీ అన్నం పెట్టించుకున్నాను.